పెళ్లి ఫొటోల బ్యాకప్‌కు చవక ఎస్ఎస్‌డీ: ఎంఎక్స్500 వాడిన అనుభవం

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే మా స్టూడియోలో అన్నిటికంటే ముందు నిండేవి డిస్కులు. రెండు కెమెరాల రా ఫైళ్లు (కెమెరా మార్పులు చేయకుండా దాచే పెద్ద ఫొటో ఫైళ్లు), వాటికి తోడు వీడియో, అన్నీ కలిపితే ఒక్క పెళ్లికే రెండు మూడు వందల జీబీ అవుతుంది. ఆల్బమ్‌కు ఫొటోలు ఎంపిక చేయడానికి పెళ్లివారు నెలల తరబడి సమయం తీసుకుంటారు. కొత్త దంపతులు అమెరికా వెళ్లిపోతే ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. అంతకాలమూ ఆ ఫైళ్లు చెక్కుచెదరకుండా ఉండాలి. తలంబ్రాలు రెండోసారి పోయించి ఫొటో తీయలేం కదా. ఈ పనికి 2023 నుంచి నేను వాడుతున్నది క్రూషియల్ ఎంఎక్స్500, 1 టీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా ఫ్లాష్ మెమరీలో డేటా దాచే డ్రైవ్; సాటా అంటే దాన్ని కంప్యూటర్‌కు కలిపే పాత పద్ధతి). దాన్ని టైప్-సి కేసులో బిగించి పోర్టబుల్ డ్రైవ్‌లా వాడుతున్నాను. అప్పట్లో ఎస్ఎస్‌డీల ధరలు బాగా తగ్గి ఉండటంతో కేసుతో కలిపి కూడా ఖర్చు అందుబాటులోనే ఉంది.

చవక డ్రైవ్ కొనేటప్పుడు పెట్టె మీది వేగం చూసి నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. చాలా చవక డ్రైవ్‌లలో ఆ అంకె మొదటి కొన్ని పదుల జీబీ వరకే వర్తిస్తుంది. ఫ్లాష్ మెమరీలో ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాస్తే టీఎల్‌సీ, నాలుగు దాస్తే క్యూఎల్‌సీ. నాలుగు ఇరికిస్తే అదే చోట ఎక్కువ డేటా పడుతుంది, ధరా తగ్గుతుంది. కానీ రాయడం బాగా నెమ్మదిస్తుంది. అది బయటపడకుండా డ్రైవ్ కొంత భాగాన్ని సెల్‌కు ఒక్క బిట్ చొప్పున వాడుకుంటూ, వచ్చిన డేటాను ముందు అక్కడ దించుకుంటుంది. ఆ భాగం నిండాక అసలు వేగం తెలుస్తుంది. శాంసంగ్ తన 870 క్యూవీవో వివరాల్లో ఈ సంగతి దాచకుండా రాసింది: 1 టీబీ మోడల్‌లో ఆ తాత్కాలిక చోటు 42 జీబీ, అది నిండితే రాసే వేగం సెకనుకు 530 ఎంబీ నుంచి 80 ఎంబీకి దిగుతుంది. అన్ని కంపెనీలూ ఇంత స్పష్టంగా రాస్తే కొనేవారికి ఎంతో మేలు జరుగుతుంది.

ఈ తేడా పనిలో ఎలా ఉంటుందో లెక్క వేయండి. కంప్యూటర్‌లోకి దించుకున్న 300 జీబీ పెళ్లిని అక్కడి నుంచి సెకనుకు 400 ఎంబీ చొప్పున ఎక్కిస్తే పన్నెండు పదమూడు నిమిషాల్లో పని అయిపోతుంది. 42 జీబీ తర్వాత 80కి పడిపోయే డ్రైవ్‌లో దాదాపు గంట కూర్చోవాలి. విండోస్‌లో కాపీ చేస్తున్నప్పుడు వివరాలు తెరిస్తే పచ్చటి గ్రాఫ్ ఒకటి కనిపిస్తుంది. ఇంతకుముందు నా దగ్గరున్న మరో చవక డ్రైవ్‌లో ఆ గీత కాసేపు ఎత్తున సాగి, ఒక్కసారిగా కిందికి జారి, చివరిదాకా అట్టడుగునే పాకేది. తెల్లవారుజాము ముహూర్తం ముగించుకుని వచ్చి, మధ్యాహ్నానికి ఇంకో ఊరు బయలుదేరాల్సిన రోజుల్లో అది చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుసు. ఎంఎక్స్500 టీఎల్‌సీ డ్రైవ్, పైగా ఏ డేటా ఎక్కడుందో గుర్తుంచుకోవడానికి దానికి సొంత డీర్యామ్ (చిన్న, వేగమైన మెమరీ) ఉంది. నా దగ్గర గీత 400 పరిసరాల్లో మొదలై, పెళ్లి మొత్తం ఎక్కేదాకా పెద్దగా చలించదు. ఇన్నాళ్ల వాడకంలో నన్ను ఎక్కువ సంతోషపెట్టింది ఈ నిలకడే.

మరి ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగంగా కలిపే కొత్త పద్ధతి) డ్రైవ్ తీసుకుంటే ఇంకా వేగం కదా అని తోటి ఫొటోగ్రాఫర్లు అడుగుతుంటారు. బ్యాకప్ మాత్రమే అవసరమైతే దానికి డబ్బు పెట్టనక్కర్లేదు. మనలో ఎక్కువమంది వాడే యూహెచ్ఎస్-1 ఎస్‌డీ కార్డు దారి వెడల్పే సెకనుకు 104 ఎంబీ. కార్డు నుంచి నేరుగా ఎక్కిస్తే, కార్డు ఇవ్వగలిగినంతే డ్రైవ్ తీసుకుంటుంది. డ్రైవ్ మీదే వీడియో ఎడిటింగ్ చేసేవారి సంగతి వేరు.

మన్నిక గురించి కూడా బెంగ అవసరం లేదు. 1 టీబీ ఎంఎక్స్500కు కంపెనీ చెప్పిన రాత పరిమితి 360 టీబీ, వారంటీ ఐదేళ్లు. వారానికి 300 జీబీ చొప్పున ఏడాదంతా రాసినా పదహారు టీబీ దాటదు. ఆ లెక్కన ఇరవై ఏళ్లకు పైగా పడుతుంది. బ్యాకప్ డ్రైవ్ రాతల వల్ల అరిగిపోవడం దాదాపు జరగని పని.

నన్ను ఇబ్బంది పెట్టింది డ్రైవ్ కాదు, కేసు. మొదట దొరికిన చవక కేసులో కేబుల్ కాస్త కదిలితే చాలు, కాపీ మధ్యలో డ్రైవ్ మాయమయ్యేది. అది తీసేసి, యూఏఎస్‌పీ (యూఎస్‌బీ మీద డేటాను వేగంగా పంపే పద్ధతి) పనిచేసే టైప్-సి కేసు తెచ్చాక ఆ బాధ తప్పింది. యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టడం కూడా ముఖ్యం. పాత 2.0 పోర్టులో ఎంత మంచి డ్రైవైనా సెకనుకు నలభై ఎంబీ దాటడం కష్టం. డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే మ్యాక్‌లోనూ రాయగలం. కానీ అందులో జర్నలింగ్ (చేయబోయే మార్పులను ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు) లేదు కాబట్టి కాపీ మధ్యలో కేబుల్ ఊడితే నష్టం ఎక్కువ. విండోస్ ఒక్కటే వాడేవారికి ఎన్‌టీఎఫ్ఎస్ మేలు.

కొత్త డ్రైవ్ ఏదైనా సరే, పనిలో పెట్టకముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో నిండా రాయించి, మళ్లీ చదివించి చూస్తాను. లైనక్స్ వాడేవారికి ఎఫ్3 ఉంది. దీనివల్ల రెండు సంగతులు తేలతాయి. తాత్కాలిక చోటు నిండాక వేగం ఎంతకు దిగుతుందో కళ్లారా చూస్తాం. చెప్పిన నిల్వ నిజంగా ఉందో లేదో కూడా తెలిసిపోతుంది. వెయ్యి, రెండు వేలకే 16 టీబీ పోర్టబుల్ ఎస్ఎస్‌డీ అంటూ ఆన్‌లైన్‌లో కనిపించేవి నకిలీలు. లోపల చిన్న మెమరీ పెట్టి, కంప్యూటర్‌కు మాత్రం పెద్ద అంకె చూపిస్తాయి. ఫైళ్ల పేర్లన్నీ కనిపిస్తూనే ఉంటాయి, తెరిస్తే లోపల ఏమీ ఉండదు. వాటిని దయచేసి కొనకండి. నిజమైన 1 టీబీ డ్రైవ్‌ను విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది, అది లెక్కించే పద్ధతిలో తేడా మాత్రమే, మోసం కాదు.

కరెంటు లేకుండా పక్కన పెట్టేసిన ఎస్ఎస్‌డీ డేటాను కలకాలం నిలుపుకోదు. సెల్‌లో ఉన్నది విద్యుదావేశం, అది మెల్లగా కారిపోతుంది. మెమరీ పరికరాలకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రకారం, రాత పరిమితి అంతా వాడేసిన మామూలు ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఏడాదిపాటు డేటాను నిలపాలి. కొత్త డ్రైవ్ అంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుపుతుంది. కానీ భద్రపరిచిన చోట వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మన వేసవిలో ఎండలో నిలిపిన కారులోనో, స్కూటర్ డిక్కీలోనో బ్యాకప్ డ్రైవ్ వదిలేయడం నాకు ఒళ్లు మండించే విషయం. నా డ్రైవ్ బీరువాలో, చల్లటి గదిలో ఉంటుంది. ఆషాఢంలోనూ, మూఢాలు వచ్చి ముహూర్తాలు లేని రోజుల్లోనూ దాన్ని బయటికి తీసి ఫ్రీఫైల్‌సింక్ అనే ప్రోగ్రామ్‌లో రెండో కాపీతో పోలుస్తాను. ఫైలు పరిమాణం, తేదీ చూసి ఊరుకోకుండా లోపలి డేటా మొత్తాన్ని పోల్చే ఎంపిక అందులో ఉంది, సమయం పట్టినా అదే వాడతాను. ఆ తర్వాత క్రిస్టల్‌డిస్క్ఇన్ఫోలో డ్రైవ్ ఆరోగ్యం చూసి మళ్లీ బీరువాలో పెడతాను. ఇంతవరకు ఒక్క ఫైలూ తేడా రాలేదు.

ఆ రెండో కాపీ మామూలు హార్డ్ డిస్కులో ఉంటుంది. ఒక్కో టీబీకి అయ్యే ఖర్చు అక్కడే తక్కువ, అందుకే ఆల్బమ్ అప్పగించాక పాత పెళ్లిళ్లన్నీ అక్కడికే చేరతాయి. పైగా ఎస్ఎస్‌డీ పాడైతే తరచూ ముందస్తు సూచన లేకుండానే పాడవుతుంది. ట్రిమ్ (చెరిపేసిన ఫైళ్ల చోటును డ్రైవే ఖాళీ చేసుకునే పద్ధతి) పనిచేసే డ్రైవ్‌లో చెరిపేసిన ఫైలును తిరిగి రాబట్టడమూ దాదాపు అసాధ్యం. ఎస్ఎస్‌డీ ఒక్కదాని మీదే ఆధారపడమని ఎవరికీ చెప్పలేను.

ఇప్పుడు కొనేవారికి ఒక చిక్కు ఉంది. క్రూషియల్ పేరుతో సామాన్య వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. వారంటీ సేవలు కొనసాగుతాయని కూడా చెప్పింది. కాబట్టి దుకాణంలో మిగిలిన ఎంఎక్స్500 దొరికితే, బిల్లు, సీలు సరిచూసుకుని ధైర్యంగానే తీసుకోవచ్చు. దొరక్కపోతే, విడిగా కేసు గొడవ వద్దనుకునేవారికి శాంసంగ్ టీ7 చూడమంటాను. 58 గ్రాముల బరువు, లోహపు పెట్టె, పాస్‌వర్డ్ రక్షణ ఉన్నాయి. వారంటీ మాత్రం మూడేళ్లే. ఏ కంపెనీదైనా టీఎల్‌సీ అని స్పష్టంగా రాసి ఉన్న మోడల్‌నే ఎంచుకోండి. ఆ మాట ఎక్కడా కనిపించకపోతే క్యూఎల్‌సీగానే భావించి బేరమాడండి.

వారంటీలో మార్చి ఇచ్చేది డ్రైవ్‌ను మాత్రమే, అందులోని డేటాను కాదు. పనిచేయని డ్రైవ్‌ను సర్వీసుకు ఇచ్చినప్పుడు మనం దాన్ని తుడిచి ఇవ్వలేం. అందులో ఉన్నవి ఊళ్లో వాళ్ల ఇళ్ల ఆడపడుచుల ఫొటోలు, పసిపిల్లల ఫొటోలు. అందుకే మొదటి రోజే విండోస్ ప్రో ఎడిషన్‌లో బిట్‌లాకర్ పెట్టి, పాస్‌వర్డ్ లేకుండా డేటా చదవలేనట్టు చేశాను. దానివల్ల వేగం కొద్దిగా తగ్గినా పనికి అడ్డం రాలేదు. రికవరీ కీని కాగితం మీద రాసి, డ్రైవ్ ఉన్న బీరువాలో కాకుండా ఇంట్లో వేరే చోట భద్రపరిచాను.