వాడిన ఆటోమేటిక్ కారు కొనేవాళ్లకు హెచ్చరిక: గేర్‌బాక్స్ వేడెక్కేదాకా నడపకుండా డబ్బు కట్టకండి

వైజాగ్‌లో గానీ, ఇంకెక్కడైనా గానీ సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కోసం తిరుగుతున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు దయచేసి ఇది చదవండి. 5 లక్షల 40 వేలు పెట్టి నేను కొన్న సీవీటీ కారు (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) పదకొండో రోజున గేర్‌బాక్స్ స్లిప్ అయి మధ్య దారిలో నిలబెట్టింది.

హైవే పక్కన ఉన్న ఒక యార్డులో కొన్నాను. పొద్దున్నే రమ్మన్నారు, వెళ్లాం. బండి చల్లగా ఉంది. ఎదురుగా ఉన్న చదును రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పించారు, అంతే. పికప్ కాస్త బద్ధకంగా ఉందేంటి అని అడిగితే, "సీవీటీ బండ్లన్నీ అంతే సార్, ముందు ఇంజన్ అరుస్తుంది, తర్వాత స్పీడ్ అందుకుంటుంది" అన్నాడు యార్డువాడు. ఆ మాటలో సగం నిజం ఉంది, అందుకే నమ్మాను.

కొన్న పదకొండో రోజు, ఆదివారం, అమ్మని సింహాచలం తీసుకెళ్లాను. కొండ కిందికి చేరేసరికే ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు పట్టింది. ఘాట్ ఎక్కుతుండగా ఒక మలుపు దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎమ్ (ఇంజన్ తిరిగే వేగం) ముల్లు 4 వేలు దాటింది, స్పీడ్ మాత్రం 20 దగ్గరే ఉండిపోయింది. ఇంకొంచెం తొక్కాను. ఒక్క క్షణం ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోయినట్టయింది, మళ్లీ పట్టుకుని గుంజింది. వెనక బస్సువాడు ఒకటే హారన్. "ఏదో మాడుతోందిరా" అంది అమ్మ. నిజంగానే కాలిన వాసన. పక్కకి ఆపేసి, అమ్మని ఆటోలో పైకి పంపించి, టో బండి కోసం గంటన్నర ఎండలో నిలబడ్డాను.

సీవీటీలో మామూలు గేర్లు ఉండవు. రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక ఉక్కు బెల్టు ఉంటాయి. ఆయిల్ ప్రెషర్‌తో పుల్లీలు ఆ బెల్టుని బిగించి పట్టుకుంటాయి. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుంది కాబట్టి సీళ్లు, వాల్వులు అరిగినా ప్రెషర్ ఎలాగోలా నిలుస్తుంది. వేడెక్కి పల్చబడ్డాక నిలవదు, బెల్టు జారుతుంది. పొద్దున్నే చల్లటి బండిని చదును రోడ్డు మీద ఎందుకు తిప్పించారో నాకు అప్పుడు అర్థమైంది.

మెకానిక్ ముందు ఆయిల్ లెవెల్ చూశాడు, ఎందుకంటే లీకై తగ్గినా ఇలాగే జారుతుంది, అదైతే కొంత చవకలో పోతుంది. లెవెల్ సరిగ్గానే ఉంది. టిష్యూ పేపర్ మీద ఒక చుక్క వేసి చూపించాడు, నల్లగా, మాడిన వాసనతో ఉంది. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు గుజ్జు కాస్త అంటుకోవడం మామూలేనట, నా బండిలో మాత్రం మెరిసే ఇనుప రేకులు వేలికి గుచ్చుకునేలా ఉన్నాయి. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే పీ0730 కోడ్ వచ్చింది, అంటే ఉండాల్సిన గేర్ నిష్పత్తి రావడం లేదని. అసలు నన్ను మండించింది దాని తర్వాతి లైను: కోడ్లు చెరిపేశాక బండి తిరిగింది 246 కిలోమీటర్లు. నేను కొన్నాక తిరిగింది 212. నాకు తాళాలు ఇవ్వడానికి కాస్త ముందే ఎవరో కోడ్లు చెరిపేశారు!

కాబట్టి మీరు బండి చూడ్డానికి వెళ్తే కనీసం అరగంట ట్రాఫిక్‌లో నడిపి, తర్వాత ఫ్లైఓవరో ఘాటో ఎక్కించండి, వాళ్లు ఒప్పుకోకపోతే వదిలేసి వచ్చేయండి. బాగున్న సీవీటీలో కూడా గట్టిగా తొక్కితే ఆర్‌పీఎమ్ ముందు లేస్తుంది, కానీ వెంటనే వీపు సీటుకి ఆనుకునేలా బండి లాగుతుంది. స్లిప్ అయ్యే బండిలో శబ్దమే పెరుగుతుంది, లాగుడు ఉండదు. చదును రోడ్డు మీద 60లో కాలు కదపకుండా ఉంచి చూడండి, ముల్లు దానంతటదే పైకీ కిందికీ ఊగితే అనుమానించాల్సిందే. మామూలు ఆటోమేటిక్ స్లిప్ అవుతుంటే గేరు మారే చోట ఆర్‌పీఎమ్ ఒక్కసారి ఎగిరి పడుతుంది. స్కానర్ ఉన్న మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి, కోడ్లతోపాటు అవి చెరిపి ఎన్ని కిలోమీటర్లయిందో కూడా అడగండి. సీవీటీలో దానికి చెప్పిన ఆయిలే పోశారా, మామూలు ఏటీఎఫ్ (గేర్ల ఆటోమేటిక్‌లో వాడే ఆయిల్) పోశారా అని సర్వీస్ బిల్లుల్లో చూడండి, తప్పు ఆయిల్ కూడా బెల్టుని తినేస్తుంది.

రిపేరుకి 1 లక్షా 35 వేలు చెప్పారు. యార్డువాళ్లు ఇచ్చిన ఆరు నెలల వారంటీ కాగితంలో "అరుగుదల వర్తించదు" అని చిన్న అక్షరాల్లో ఉంది, అది చూపించి చేతులెత్తేశారు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, స్కానర్ రిపోర్టు ప్రింటు, ఆయిల్ ఫొటోలు దాచాను, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

మొన్న యార్డు నుంచి ఫోన్ వచ్చింది, లక్షా 20 వేలు తగ్గించుకుని బండి వెనక్కి తీసుకుంటారట. ఏం చేస్తారు దాన్ని అని అడిగితే "మా తంటాలు మేం పడతాం సార్" అన్నాడు. అంటే మళ్లీ కోడ్లు చెరిపి, పొద్దున్నే ఇంకెవరికో చూపిస్తారు. నేను ఒప్పుకోలేదు, బండి ఇంకా నా దగ్గరే ఉంది. అయినా చెప్తున్నాను: తెల్ల సెడాన్, 2017 మోడల్, ఎడమ వెనక తలుపు మీద జానెడు గీత. ఎప్పుడైనా అలాంటి బండి మీకు ఏ యార్డులోనైనా కనిపిస్తే స్కానర్ లేకుండా ముట్టుకోకండి.