90 డిగ్రీల ఈక్యాప్ డై: ల్యాబ్‌కు కొనదగినదేనా?

ఈక్యాప్ (ఈక్వల్ ఛానల్ యాంగ్యులర్ ప్రెసింగ్) అంటే లోహపు కడ్డీని ఎల్ ఆకారపు గాడిలోంచి తోసి గట్టిపరచడం. ఇలా తోస్తే మందం తగ్గదు గనక, అదే కడ్డీని మళ్లీ మళ్లీ తోయవచ్చు. 1970లలో సోవియట్ మిన్‌స్క్‌లో పరిశోధకుడు సెగల్ మొదలుపెట్టిన ఈ పద్ధతికి, ఆర్డరు మీద చేసిచ్చే రెండు భాగాల డై (అచ్చు) ఇది. హెచ్13 అనే పనిముట్ల స్టీలు, 10 మి.మీ. గుండ్రటి గాడి, గాడి మలుపు 90 డిగ్రీలు, బయటి మూల వంపు 20 డిగ్రీలు. ఒక్కో పాస్‌కి (ఒకసారి తోయడానికి) వికృతి, అంటే లోహం రూపు మారే కొలత, సుమారు 1.05, అదే 120 డిగ్రీల డైలో 0.63 దాకానే వస్తుంది.

మెత్తటి అల్యూమినియానికి ఇది చక్కటి డై. అనీల్ చేసిన (వేడిచేసి మెత్తబరచిన) 1050 రకం, అంటే దాదాపు శుద్ధ అల్యూమినియం, కాఠిన్యంలో పెద్ద గెంతు మొదటి పాస్‌లోనే కనిపిస్తుంది, నాలుగో పాస్‌కి దాదాపు నిలిచిపోతుంది. అలాగని ఒక పాస్‌తో ఆపకండి. మొదట కుప్పపడిన డిస్లొకేషన్లు (స్ఫటికంలో అణువుల వరసల్లోని లోపాలు) సన్నటి గోడలుగా సర్దుకుంటాయంతే. ఆ గోడలకు రెండు పక్కలా ఉన్న స్ఫటిక దిశల మధ్య కోణం పెరిగి అవి అసలైన గ్రెయిన్ (లోహంలోని చిన్న స్ఫటికం) సరిహద్దులు కావడానికి తర్వాతి పాస్‌లు కావాలి. ప్రతి పాస్‌కి కడ్డీని ఒకే వైపుకి 90 డిగ్రీలు తిప్పాలి. గుండ్రటి కడ్డీకి దిశ తెలియదు, కాబట్టి చివర పంచ్ గుర్తు తప్పనిసరి.

తలనొప్పంతా డై రెండు భాగాలు కలిసే అతుకు దగ్గరే. బోల్టులు సమంగా బిగించకపోతే లోహం అతుకులోకి చొచ్చి రెక్కలా వస్తుంది. ఆకురాయితో తీసేయకుండా తిరిగి పెడితే కడ్డీ ఇరుక్కుంటుంది. ప్లంజర్ (కడ్డీని తోసే ఊచ) మీద 1000 మెగాపాస్కల్స్ అంటే సుమారు 8 టన్నులు. ప్రెస్ ఒత్తిడి మీటరు ముల్లు ఉన్నట్టుండి పైకి పాకితే ఒత్తిడి పెంచవద్దు, ఆపండి: ఎక్కువగా జారుడు కోసం వేసే మాలిబ్డినం డైసల్ఫైడ్ పూత చెరిగిపోయి ఉంటుంది. పొడవైన ప్లంజర్ వంగితే ఇక పనికిరాదు, అందుకే డైతో పాటే రెండు అదనంగా చేయించుకోవాలి.

కాఠిన్యం కొలతకు ముక్కను కడ్డీ నడిమి భాగంలోంచి కోయండి. చివర్లు సరిగా వికృతి చెందవు. మూల వంపు వల్ల అడుగు పట్టీ కాస్త మెత్తగా ఉంటుంది, పైనుంచి కింది దాకా విక్కర్స్ గుర్తులు (కాఠిన్యం కొలవడానికి వజ్రపు మొనతో నొక్కే చతురస్రపు గుంటలు) వేయాలి. గుర్తుకీ గుర్తుకీ మధ్య కనీసం ఆరు వికర్ణాల దూరం ఉండాలి.

ఏజింగ్ చేసిన (వేడిలో ఉంచి గట్టిపరచిన) 7075 అల్యూమినియం మిశ్రమాన్ని గది ఉష్ణోగ్రతలో ఇందులో తోయవద్దు, పైభాగం ముక్కలుగా పగులుతుంది. ఏజెడ్31 అనే మెగ్నీషియం మిశ్రమానికైతే 200 డిగ్రీల పైన వేడి కావాలి. ఈ డైకి హీటర్ రంధ్రాలే లేవు. ఆ మిశ్రమాలతో పని ఉన్నవారు హీటర్ రంధ్రాలున్న 120 డిగ్రీల డై అడగాలి.