లీడ్స్‌లో ఫిష్ అండ్ చిప్స్ టేక్‌అవే: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఇంగ్లండ్‌లోని లీడ్స్ శివారులో మా ఇంటికి దగ్గరగా ఒక కుటుంబం నడుపుతున్న ఫిష్ అండ్ చిప్స్ (పిండిలో ముంచి వేపిన చేప, లావుగా తరిగి వేపిన బంగాళాదుంప ముక్కలు) దుకాణం నుంచి కొన్నేళ్లుగా టేక్‌అవే తెచ్చుకుంటున్నాం. భర్త వేపుతారు, భార్య కౌంటరు చూసుకుంటారు, సాయంత్రాల్లో వాళ్ల అమ్మాయి పొట్లాలు కడుతుంది. ఈ ఊరికి కొత్తగా వచ్చే తెలుగువారు ఏ దుకాణంలోనైనా ముందుగా అడగవలసింది దేనిలో వేపుతారన్నదే. లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతంలో చాలా చోట్ల గొడ్డు కొవ్వులో వేపడం ఆనవాయితీ. చిప్స్ కూడా ఆ కొవ్వులోనే వేగుతాయి కాబట్టి చేప తినని శాకాహారులు సైతం అడిగి తీరాలి. మేము వెళ్లే చోట శాకనూనె వాడతారు. మొదటి రోజు అడిగినప్పుడు ఆవిడ ఏమాత్రం విసుక్కోకుండా లోపలికి వెళ్లి నూనె డబ్బా తెచ్చి చూపించారు. మాకు నమ్మకం కుదిరింది అక్కడే.

ఇక్కడివారికి కాడ్ అనే సముద్రపు చేప కంటే హాడక్ అనే చేప మీద మక్కువ ఎక్కువ, అదీ తోలు తీసిన ముక్క. వారం మధ్యలో వెళితే మన కళ్లెదుటే వేపి ఇస్తారు. ఆయన ముక్కను పిండిలో ముంచి, గిన్నె అంచుకు రాసి, ఎక్కువైన పిండిని జారనిచ్చి, తోక పట్టుకుని నూనెలో కొద్దిసేపు అటూ ఇటూ ఆడించిన తర్వాతే వదులుతారు; అందువల్ల ముక్క అడుగంటదు, పైపొర పలుచగా, కరకరలాడుతూ వస్తుంది, లోపలి చేప పొరలుపొరలుగా విడిపోతుంది. నూనెలో రాలిన పిండి పలుకులను స్క్రాప్స్ అంటారు. అడిగితే ఉచితంగా వేస్తారు, మా పిల్లలకు అవంటే ప్రాణం.

చిప్స్ లావుగా, లోపల మెత్తగా ఉంటాయి. వేసవి మొదట్లో మాత్రం రుచి కాస్త తగ్గుతుంది, ఎందుకంటే నిల్వ బంగాళాదుంపల్లో చక్కెర పెరిగి చిప్స్ త్వరగా నల్లబడతాయి, కొత్త దుంపల్లో నీరెక్కువ. ఆ రోజుల్లో ఆవిడే ముందుగా చెప్పేస్తారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఇంగ్లండ్‌లో 2023 అక్టోబరులో పాలిస్టైరీన్ (థర్మోకోల్ లాంటి నురుగు ప్లాస్టిక్) డబ్బాలను నిషేధించాక వీరు అట్టపెట్టెలకు మారారు. మూత బిగిస్తే ఆవిరికి పైపొర మెత్తబడిపోతుంది కనుక మూత కొంచెం తెరిచి ఉంచమని అడగండి. ఉప్పు అక్కడే చల్లించుకుని, వెనిగర్ మాత్రం ఇంటికి వచ్చాక చల్లుకోండి.

లోపాలూ ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం వరుస వీధిలోకి వస్తుంది, అప్పుడు ఫోను ఎత్తరు, చేప కూడా ముందే వేపి వేడిపెట్టెలో ఉంచినది దొరుకుతుంది. మషీ పీస్ అనే బఠాణీ ముద్ద మన నాలుకకు చప్పగానే అనిపిస్తుంది. 2022 నుంచి ధర బాగా పెరిగింది, కానీ చిప్స్ ఒక పొట్లం ఇద్దరికి సరిపోతుంది కాబట్టి, మనిషికొక చిన్న హాడక్, ఇద్దరికొక చిప్స్ చొప్పున తీసుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది, తిండీ వృథా కాదు.