మూడు వానాకాలాలు, ఒకే రిసార్టు

రాత్రికి 18 వేలు పెట్టి వాన చూడ్డానికి వెళ్తారా అని మా ఆఫీసులో నవ్వుతారు. అనంతపురం వాళ్లం, వెళ్తాం మరి. 2022 నుంచి మూడేళ్లూ జులైలోనే, కర్ణాటకలోని కొడగులో మడికేరి దాటాక అడవి మధ్యనున్న ఒక రిసార్టులో నాలుగేసి రాత్రులు ఉన్నాం. పొద్దున ఐదింటికి కారెక్కితే బెంగళూరు, మైసూరు మీదుగా సాయంత్రానికి చేరతాం.

గది బాగుంది, వేడినీళ్లకు లోటు లేదు. స్విమ్మింగ్ పూల్‌లో మాత్రం ఇంతవరకు కాలు పెట్టలేదు. పైనుంచి పడేవి చాలవా?

డబ్బంతా వరండాకే. వాన ఆగినా అరగంట దాకా ఆకుల మీంచి కారుతూనే ఉంటుంది. మిరియాల తీగలు చెట్ల మొదళ్లకు చుట్టుకుని నల్లగా మెరుస్తుంటాయి. తెల్లారకముందే మలబార్ విజిలింగ్ థ్రష్ అనే పిట్ట మొదలెడుతుంది, పాట సరిగ్గా రాని పిల్లోడు ఈల వేసినట్టే.

ఇక బాధలు. చెమ్మ. ఉతికిన బట్ట ఆరదు, మూడో రోజుకు నా తోలు బెల్టుకు బూజు పట్టింది. మొదటి ఏడాది రూమ్ హీటర్ అడిగితే రెండు రోజులకు తెచ్చిచ్చారు. ఇప్పుడు బుకింగ్ అప్పుడే చెప్పేస్తున్నాను. జలగల కోసం సాక్సులకు పొగాకు పొడి రాసుకున్నా ఒకటి మా ఆవిడ మడమ పట్టింది. నొప్పి తెలియదు, కానీ ఊడదీశాక రక్తం ఓ పట్టాన ఆగదు. తెల్ల సాక్సులు వేసుకోండి, పాకేది కనబడుతుంది.

బఫే మన పెళ్లి భోజనమే, అదే పనీర్. ముందురోజే చెప్పి కడంబుట్టు, వెదురు చిగుళ్ల కూర చేయించుకోండి. ఆ బియ్యపు రవ్వ ఉండను తుంచి చూసి, "ఇది మన సంగటికి తమ్ముడు లెక్కుందే" అంది మా అమ్మ.

అమ్మకు వాన నచ్చింది, కోపమూ వచ్చింది. నైరుతి మబ్బుల్ని ఈ పడమటి కనుమలే ముందు పిండేసుకుంటాయి. ఇక్కడ ఏడాదికి 3000 మిల్లీమీటర్లు దాటితే మనకు 550 దగ్గర ఆగుతుంది. "దీంట్లో సగం శింగనమల చెరువు పక్క తిప్పితే సాలు కదప్పా" అంది. ఆ వారం ఊళ్లో మా చిన్నాన్న శనక్కాయ విత్తనానికి పదును లేక కూర్చున్నాడు. ఫోన్లో వాన చప్పుడు వినబడకూడదని లోపలికెళ్లి మాట్లాడాను.

నాలుగు రోజులు ఆరని నా షూ, ఇంటికొచ్చి మిద్దె మీద పెడితే మధ్యాహ్నానికి అప్పడంలా అయింది.