కింద సంతా, నడుమ ముంగిలా? చిన్న ఊరి టౌన్‌హాలుకు ఏది మేలు

చిన్న ఊరికి టౌన్‌హాలు కట్టడంలో ఒక చిక్కుంది. కౌన్సిల్ కూర్చునేది ఎప్పుడో ఒకసారి, మిగతా రోజుల్లో సభాగదికి తాళమే. అందుకని గోపురం ఎంత ఎత్తు, స్తంభాలు ఏ శైలి అని అడిగే ముందు, సభ లేని రోజున జనం అక్కడికి ఎందుకు వస్తారని అడగాలి. ఈ ప్రశ్నకు 270 ఏళ్ల తేడాతో రెండు ఊళ్లు రెండు జవాబులిచ్చాయి. ఒకటి ఇంగ్లండ్‌లోని అబింగ్డన్, రెండోది ఫిన్లాండ్‌లోని సాయ్నాట్సాలో.

అబింగ్డన్ కౌంటీ (జిల్లా) హాల్‌ను 1678–82 మధ్య కట్టారు. కట్టింది క్రిస్టఫర్ కెంప్‌స్టర్ అనే రాతిపని మేస్త్రీ. లండన్‌లో క్రిస్టఫర్ రెన్ అనే పేరున్న వాస్తుశిల్పి దగ్గర పనిచేసినవాడు కాబట్టి చెయ్యి తిరిగినవాడే. కింది అంతస్తుకు గోడలకు బదులు కమానులు. అక్కడ సంత జరిగేది. పై అంతస్తులో పొడవాటి కిటికీలున్న పెద్ద హాలు, అందులో కోర్టు. వాన వస్తే కమానుల కిందికి దూరేవాడికి పైన ఏ కేసు నడుస్తోందో తెలియనక్కర్లేదు, అయినా ఆ భవనం వాడిది కూడా.

ఇది కెంప్‌స్టర్ సొంత ఆలోచనేం కాదు. లెడ్‌బరీ అనే ఊళ్లో 1617లో మొదలుపెట్టిన మార్కెట్ హౌస్ 16 చెక్క స్తంభాల మీద నిలబడి ఉంది. దాని కింద ఇప్పటికీ సంత పెడతారు. ఇంగ్లండ్ చిన్న పట్టణాల్లో ఇలాంటివి చాలానే కనిపిస్తాయి.

సాయ్నాట్సాలో సంగతి వేరు. సరస్సులో దీవి, కలప మిల్లుల మీద బతికే సుమారు 3,000 మంది. 1949లో పెట్టిన పోటీలో ఫిన్లాండ్ వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో నమూనా గెలిచింది. 1952కి ఎర్ర ఇటుకల భవనం పూర్తయింది. పునాదుల కోసం తవ్విన మట్టిని బయట పారబోయకుండా మధ్యలోనే పోసి, ఒక అంతస్తు ఎత్తున ముంగిలి చేశాడు. దాని చుట్టూ ఆఫీసులు, గ్రంథాలయం. మన మండువా లోగిలి చూసినవాళ్లకు లోపలికి అడుగుపెట్టగానే ఆ పోలిక తట్టకుండా ఉండదు. ఒక వైపు మెట్ల మీద గడ్డి మొలిపించాడు. ఇటుకల్ని కావాలనే కాస్త ఎగుడుదిగుడుగా పేర్పించాడు, ఏటవాలు ఎండ పడినప్పుడు గోడ మీద నీడలు ఆడాలని.

సభాగది ఎత్తు 17 మీటర్లు. ఇంత చిన్న ఊరికి అంత ఎత్తెందుకని కౌన్సిల్ సభ్యులు అడిగితే, ఇటలీలోని సియెనా టౌన్‌హాలుది 16 మీటర్లు, మనది 17 ఉండాలని ఆల్టో అన్నాడని చెబుతారు. నవ్వొస్తుంది గానీ, ఆ డబ్బు లెక్క చూసుకోవాల్సినవాళ్లకు నవ్వొచ్చిందో లేదో!

అందం ఒక్కటే కొలత అయితే నా ఓటు సాయ్నాట్సాలోకే. ఇరుకైన ఇటుక నడవలో మలుపు తిరుగుతూ పైకి ఎక్కి, ఒక్కసారిగా ఆ ఎత్తైన గదిలోకి రావడం, తల పైన విసనకర్రల్లా విచ్చుకున్న చెక్క దూలాలు... కెంప్‌స్టర్ హాలులో అలాంటి నాటకం లేదు.

వాడకం లెక్కకొస్తే మాత్రం తక్కెడ అబింగ్డన్ వైపు మొగ్గుతుంది. ఆల్టో కూడా కింద దుకాణాలకు చోటిచ్చాడు, కానీ ఊరు పెరిగాక వాటిని ఆఫీసులుగా మార్చుకోవచ్చన్న ఆలోచనతో. ఊరు ఆయన అనుకున్న దారిన పోలేదు. 1993లో సాయ్నాట్సాలో పక్కనున్న య్వాస్క్యులా పట్టణంలో కలిసిపోయింది, కౌన్సిలే లేకుండా పోయింది. అబింగ్డన్‌కూ ఇలాంటి దెబ్బే తగిలింది. 19వ శతాబ్దంలో జిల్లా కేంద్రం హోదా రెడింగ్ పట్టణానికి పోయింది, కోర్టులూ వెళ్లాయి. కమానుల కింది చోటుకు మాత్రం ఏమీ కాలేదు. అక్కడ నిలబడడానికి ఏ హోదా కావాలి? పై హాలు మ్యూజియం అయింది. 1761లో మూడో జార్జి పట్టాభిషేకం నాటి నుంచి వస్తున్న బన్నులు విసిరే వేడుక కూడా ఆగలేదు. రాజకుటుంబపు పెద్ద సందర్భాల్లో భవనం కప్పు మీద నుంచి బన్నులు విసిరితే, కింద జనం పట్టుకుంటారు.

మరి నెలల తరబడి మంచు పడే చోట నాలుగు వైపులా తెరిచి ఉన్న కమానులు ఎవరికి పనికొస్తాయి? అక్కడ ఆల్టో ముంగిలే సరైనది. గాలి కొట్టకుండా నాలుగు రెక్కలూ అడ్డుంటాయి.

మిగతా చోట్ల చిన్న ఊరు నన్ను అడిగితే అబింగ్డన్ నమూనాయే చెబుతాను, ఒక్క మార్పుతో. రెండు భవనాల్లోనూ ముఖ్యమైన పనంతా మెట్లెక్కాకే. ముసలివాళ్లకు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు అది పరీక్షే. పన్ను కట్టే కౌంటరు, జనన మరణాల నమోదు కిటికీ పైకి పంపకుండా కిందే కమానుల పక్కన పెట్టాలి. సభ పైనే జరగనీ, దానికో లిఫ్ట్ పెట్టుకుంటే చాలు.