ఉంటున్న ఇల్లు పిల్లలకు: గిఫ్ట్ డీడా, వీలునామానా?

అరవై దాటిన తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. స్వార్జితమైన ఇల్లు పిల్లల పేరిట ఇప్పుడే రాసెయ్యాలా, వీలునామా రాసి ఉంచాలా? చాలామంది స్టాంపు ఖర్చు చూసి తేల్చుకుంటారు. అంతకంటే ముందు చూసుకోవాల్సింది, రేపు పరిస్థితి మారితే వెనక్కి తీసుకోగలరా లేదా అన్నది.

గిఫ్ట్ డీడ్ రిజిస్టరై, పుచ్చుకున్నవారు ఒప్పుకుంటే ఇల్లు ఇక వాళ్లదే. ‘మేమింకా ఇందులోనే ఉంటున్నాం కదా’ అన్న ధీమా పనికిరాదు. స్వాధీనం ఇవ్వకపోయినా గిఫ్ట్ చెల్లుతుందని రేణికుంట్ల రాజమ్మ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇచ్చినవారు తమంతట తాము రద్దు చేసుకోలేరు. ఎవరూ ముందుగా ఊహించని ఇబ్బంది ఇంకొకటి ఉంది. కొడుకు వీలునామా లేకుండా ముందే పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇల్లు అతని భార్యకు, పిల్లలకు, తల్లికి వెళ్తుంది. రాసిచ్చిన తండ్రికి అందులో వాటా లేదు.

2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది కదా అంటారు. ఆ చట్టంలోని 23వ సెక్షన్ కింద గిఫ్ట్‌ను రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు, నిజమే. కానీ కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతు మీదే ఆస్తి ఇచ్చినట్టు తేలాలని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన దస్తావేజుల్లో మామూలుగా ఉండేది ‘ప్రేమాభిమానములతో ఇచ్చితిని’ అన్న మాటొక్కటే.

వీలునామాకు ఆ భయం లేదు. బతికున్నంతకాలం ఇల్లు మీదే, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిగా రాసిందే చెల్లుతుంది. స్టాంపు డ్యూటీ లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించడమే మంచిది. చేయించినా ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) కనబడదు, మీరుండగా దాని నకలు మీకు తప్ప ఇంకొకరికి ఇవ్వరు.

చిక్కంతా మీ తర్వాతే. వివాదం కోర్టుకెక్కితే, వీలునామా మీద సంతకం చేసిన ఇద్దరు సాక్షుల్లో బతికున్నవాళ్లు కనీసం ఒకరు వచ్చి ‘నా ఎదుటే సంతకం పెట్టారు’ అని చెప్పాలి. అందుకని మీ ఈడు స్నేహితుల్ని కాక, మీకంటే చిన్నవాళ్లను సాక్షులుగా పెట్టుకోండి. ఆస్తి పొందేవాళ్లను మాత్రం పెట్టవద్దు, అనుమానం అక్కడే మొదలవుతుంది. ఎవరికైనా వాటా ఇవ్వకపోతే కారణం ఒక్క వాక్యంలోనైనా రాయండి. కూతురి పేరే ఎత్తకుండా కొడుక్కి మొత్తం రాసిన వీలునామాను కోర్టు మామూలుగా వదిలిపెట్టదు.

పంచుకోని పిత్రార్జితంలో వాటా అయితే తేడా ఇంకా పెద్దది. మిగతా వాటాదారుల ఒప్పుదల లేకుండా దాన్ని గిఫ్ట్ ఇస్తే చెల్లదు, వీలునామా మాత్రం రాయవచ్చు.

మరి గిఫ్ట్ ఎప్పుడు మేలు? మీరు ఉండని స్థలమై, దాని మీద పిల్లలు ఇప్పుడే బ్యాంకు లోను తీసుకోవాలనుకుంటే గిఫ్టే సరి. మీ తర్వాత గొడవ ఖాయమనుకున్నా అంతే, ఎందుకిచ్చారో చెప్పడానికి మీరే ఉంటారు. ముస్లిం కుటుంబాల్లో వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు కాబట్టి అక్కడ హిబా (ముస్లిం చట్టం ప్రకారం ఇచ్చే గిఫ్ట్) వైపు మొగ్గడం సహజం.

ఇంకో రెండు మాటలు కూడా వినబడుతుంటాయి, అవి ఇక్కడ పనికిరావు. భాగపరిష్కారం, అంటే ఆస్తిని పంచుకునే దస్తావేజు, ఉమ్మడి ఆస్తి ఉన్నవాళ్లకే. బ్యాంకు నామినీకి డబ్బు అందుకునే హక్కే తప్ప యాజమాన్యం రాదు.

ఉంటున్న ఇంటికి నేను వీలునామానే చెబుతాను. అయినా గిఫ్టే ఇస్తామంటే మూడు మాటలు దస్తావేజులోనే రాయించండి: జీవితాంతం నివాసం, అద్దెల మీద మీకే హక్కు; పోషణ, వైద్యం చూసుకోవాలన్న షరతు; అది తప్పితే గిఫ్ట్ రద్దవుతుందన్న ఒప్పందం. ఇల్లు భర్త పేరిట ఉంటే, ఆయన తర్వాత భార్యకూ ఆమె జీవితాంతం అదే హక్కు ఉంటుందని విడిగా రాయించాలి.