పచ్చబడ్డ చెరువుకి మైలుతుత్తమా, మేత తగ్గించడమా: ఏది మేలు?

వానలు మొదలయ్యాక కైకలూరు వైపు చేపల రైతులు ఎవరు ఫోన్ చేసినా ఇదే ప్రశ్న. నాచు పెరిగి నీళ్ళు చిక్కగా పచ్చబడ్డాయి, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేసేద్దామా?

మైలుతుత్తం పని త్వరగా చేస్తుంది. కొద్ది రోజుల్లో రంగు విరుగుతుంది, ఖర్చూ తక్కువే. నాచుకి ఎరువయ్యే మేత తగ్గించి నీళ్ళు మార్చాలంటే ఓపిక కావాలి. కాలవలో నీళ్ళు లేకపోతే అదీ కుదరదు.

అయినా నా ఓటు మేత తగ్గించడానికే. కారణం మొప్పలు. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు చుట్టూ ఉన్న నీళ్ళలో కంటే ఎక్కువ. అది ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది, మొప్పలు మళ్ళీ లోపలికి లాక్కుంటూ ఉంటాయి. మైలుతుత్తంలోని రాగి ఎక్కువైతే సరిగ్గా ఆ దారినే మూసేస్తుంది. పైగా మొప్పలు జిగురు కట్టి ఊపిరి ఆడదు. అదే సమయంలో చచ్చిన నాచు కుళ్ళి నీటిలోని ఆక్సిజన్ లాగేస్తుంది. రెండు దెబ్బలూ ఒకేసారి.

నిరుడు మా చెరువులో వేశాం. మూడో రోజు తెల్లవారుజామున బొచ్చె చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. ఒకదాని మొప్ప మూత ఎత్తి చూస్తే, ఎర్రగా ఉండాల్సిన పోగులు జిగురు కింద పాలిపోయి ఉన్నాయి. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఉండబట్టి బతికాయి. కానీ రెండు వారాలపాటు మేతగా కట్టే డీఓబీ (నూనె తీసిన తవుడు) సంచులు సగం కూడా ఖాళీ కాలేదు. ఆ కాస్త తిన్నదీ ఒంట్లో ఉప్పు నిలబెట్టుకోవడానికి, కాలేయంలో చేరిన రాగిని అదుపులో పెట్టడానికే ఖర్చవుతుంది. ఇక బరువెక్కడ పెరుగుతుంది?

వేయక తప్పదంటే ముందు ఆల్కలినిటీ (నీటి క్షారత, లీటరుకు మిల్లీగ్రాముల్లో) పరీక్ష చేయించండి. వచ్చిన అంకెను 100తో భాగిస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల మైలుతుత్తం వేయొచ్చో తెలుస్తుంది. ఆల్కలినిటీ 120 ఉండి, 5 అడుగుల లోతుంటే ఎకరాకు సుమారు 7 కిలోలు. వాన నీళ్ళు కలిసి 40కి పడిపోతే లెక్క రెండున్నర కిలోలకు దిగుతుంది. అప్పుడూ అలవాటుగా 7 కిలోలే వేస్తే దాదాపు మూడింతలు వేసినట్టు. 50 కంటే తక్కువుంటే నేనసలు వేయను. వేసిన రాగి నాచులా కుళ్ళిపోయేది కాదు, అడుగు బురదలో చేరుతుంది.

నాచు తినే సిల్వర్ కార్ప్ చేపల్ని చెరువులో ముందే వదిలితే మంచిదే, పచ్చబడ్డాక వదిలి లాభం లేదు. ప్రోబయోటిక్స్ (చెరువులో కలిపే మేలు చేసే సూక్ష్మజీవులు) మీద నాకు అంత గురి లేదు.

ఈసారి మేం మొన్నటి నుంచి మేత సగానికి తగ్గించాం. రాత్రి రెండింటి నుంచి పొద్దెక్కేదాకా ఏరియేటర్లు తిప్పుతున్నాం.